ముళ్ల కింద ఊరు

లాకప్పులో కూర్చున్న కుర్రాడి చేతులు చూడగానే కొరివికి ఒళ్లు మండిపోయింది. అరచేతులు, వేళ్ల సందులు, గోళ్ల మొదళ్లు, అన్నీ ఎరుపే. కడుక్కోవడానికి చుక్క నీళ్లివ్వలేదట. సాక్ష్యం పాడవుతుందట. నిన్న పొద్దుటి నుంచి ఆ చేతులతోనే తిన్నాడు, ఆ చేతులతోనే కళ్లు తుడుచుకున్నాడు. చెంపల మీద కూడా ఎర్ర చారలు పడ్డాయి.

కొరివి ఆమె అసలు పేరు కాదు. పోలీసు ఉద్యోగంలో ఉన్న రోజుల్లో పై అధికారులు చాటున పెట్టుకున్న పేరు. ఉద్యోగం వదిలేసి సొంతంగా డిటెక్టివ్ ఆఫీసు తెరిచాక, ఆ పేరే బోర్డు మీద రాయించుకుంది. చాటున అనేవాళ్లకి ఆ సుఖం కూడా మిగలకూడదని ఆమె పంతం.

కేసు చూడటానికి చిన్నదే. ఈ కుర్రాడి అక్క చిత్రకారిణి. నాగజెముడు మీద బొమ్మలు వేసి ప్రదర్శన పెట్టబోతోంది. ఆ మొక్క ఈ నేలది కాదు. దాని మీద బతికే పురుగుని నలిపి ఎర్రరంగు తీయొచ్చని, దొరలు దాన్ని ఓడలో తెచ్చారు. తిండిగింజలు పండే పొలాల్లో ముళ్లు నాటించారు. ఆ కథనంతా ఆమె ఆ పురుగుల రంగుతోనే వేసింది. ప్రదర్శన కూడా ఒకప్పుడు ఆ రంగుతోట నడిచిన బంగళాలోనే. దొర వెళ్లిపోతూ తోటనీ బంగళానీ తన ఏజెంటుకి కట్టబెట్టిపోయాడు. ఆ ఏజెంటు మునిమనవడు ఇప్పుడు ట్రస్టు పెట్టి పెద్దమనిషిగా చలామణి అవుతున్నాడు. అందరూ ఆయన్ని పెద్దాయన అనే అంటారు.

నిన్న తెల్లారేసరికి బంగళా వెనక ఉన్న రంగుషెడ్డులో చిత్రకారిణి తల పగిలి పడి ఉంది. ఆమె తలని ఒళ్లో పెట్టుకుని తమ్ముడు ఏడుస్తున్నాడు. ఆమెకి ఆస్పత్రిలో ఇంకా స్పృహ రాలేదు. ఈ మధ్యాహ్నం మూడింటికి తమ్ముణ్ణి కోర్టులో నిలబెట్టి, అటునుంచి అటే జైలుకి పంపిస్తారు.

"అక్కతో గొడవపడ్డావా?" అని అడిగింది కొరివి.

"పడ్డానండీ. రోజూ పడతాం. రంగు మరీ చిక్కగా కాచానని తిట్టింది. నువ్వే కాచుకో, నీకంత వచ్చు కదా అన్నాను."

"తర్వాత?"

"కొత్త రంగు సీసాలో పోసుకుని బంగళాలోకి వెళ్లింది. దొరల కాలం నాటి పాత బొమ్మ ఉన్న గదిలోకి. షెడ్డుకీ బంగళాకీ మధ్య తలుపుంది, దానికి వాళ్లు అటువైపు నుంచి గడియ పెట్టుకుంటారు. నేను వెనక గదిలో నిద్రపోయాను. లేచి వచ్చేసరికి అక్క..."

ఆ ఎర్రచేతులతోనే మళ్లీ కళ్లు తుడుచుకున్నాడు. కొరివి ఆగింది. ఎంత కోపం వచ్చినా ఏడుస్తున్నవాడి మీద చూపించే అలవాటు ఆమెకి లేదు.

"ఆ సీసా ఏమైంది, నాన్నా?"

"మళ్లీ కనబడలేదండీ."

"ఆ గదిలో మీ అక్కకి ఏం పని?"

కుర్రాడు నీళ్లు నమిలాడు. "చెప్పొద్దంది."

"నీ ప్రాణం మీదికొచ్చినా?"

"అక్క లేచాక అడగండి. నేను మాత్రం చెప్పను." తల వంచుకుని మళ్లీ ఎత్తాడు. "మిమ్మల్ని పంపింది పెద్దాయనగారే కదండీ? ఆయన దేవుడు. మాకు షెడ్డిచ్చారు, అక్కకి వైద్యం చేయిస్తున్నారు. నన్ను బయటికి తీసుకురమ్మని లాయర్ని కూడా పెట్టారట."

అది నిజమే. కొరివిని పిలిపించి కేసు అప్పజెప్పింది పెద్దాయనే. "కుర్రాడు చెయ్యలేదని తేలిస్తే చాలమ్మా, చేసిందెవరన్నది తర్వాతి సంగతి" అన్నాడాయన. ఈ రోజుల్లో ఇలాంటి మనిషి ఉన్నాడా అని ఆమె ఆశ్చర్యపోయింది కూడా.

పక్కగదిలో ఇన్‌స్పెక్టర్ టీ తాగుతున్నాడు. ఒకప్పుడు కొరివి చేతికింద పని నేర్చుకున్నవాడు. పైనుంచి ఎవరేం చెప్పినా అలాగే సార్ అంటాడు గనక స్టేషన్‌లో అందరూ అతన్ని తథాస్తు అంటారు.

"రండి మేడమ్. మీరు మాకు గురువు."

"ఆ మాట బయట అనకు, నా పరువు పోతుంది. రక్తమా రంగా అని ఆ చేతులు పరీక్షకి పంపావా?"

"పంపాం. రిపోర్టు రేపొస్తుంది."

"కోర్టు ఇవాళ. రిపోర్టు రేపు. పెళ్లయ్యాక పిల్లని చూస్తావా?"

తథాస్తు ముఖం మాడ్చుకున్నాడు. "శవం పక్కన, అదే, మనిషి పక్కన ఎర్రచేతులతో దొరికాడు. అక్కాతమ్ముళ్లకి గొడవని నలుగురూ చెప్పారు. ఇంకేం కావాలి? పేపర్లవాళ్లు పొద్దున్నుంచీ ఫోన్లు."

"శవం అంటున్నావు. ఆ పిల్ల ఇంకా బతికే ఉందయ్యా! నోటితో చంపేస్తున్నావు." కొరివి బల్ల మీద అరచేత్తో చరిచింది. టీ ఒలికింది. "మధ్యాహ్నం దాకా టైముంది. నాతో ఆ బంగళాకి రా. నేను తప్పైతే నువ్వు చెప్పినచోట సంతకం పెడతాను. నువ్వు తప్పైతే అక్కడినుంచే ఫోన్ చేసి వాణ్ణి వదిలెయ్యాలి."

తథాస్తు ఒప్పుకున్నాడు. ఆమె ఓడిపోతే చూడాలన్న సరదా అతనికి చాలా ఏళ్లుగా ఉంది.

బంగళా వరండాలో పెద్దాయన ఎదురొచ్చారు. చేతికర్ర, తెల్లని బట్టలు, మెత్తని మాట. "ఆ పసివాడు అన్నం తిన్నాడా అమ్మా?" అని అడిగారు. ఆయన వెనకాల అల్లుడు నిలబడ్డాడు. ట్రస్టుకి సెక్రటరీ అతనే. మామగారు ఎటు తిరిగితే అటు తిరిగే మనిషి, చెప్పులు మాత్రం మామగారి కంటే ఖరీదైనవి.

హాల్లో బొమ్మలు వరసగా వేలాడుతున్నాయి. కొరివికి బొమ్మల గురించి పెద్దగా తెలీదు, కానీ మొదటి బొమ్మ దగ్గరే కాళ్లు ఆగిపోయాయి. ఓడ డెక్కు మీద మొక్కలకి గొడుగులు పట్టారు. పక్కనే మనుషులు మంచినీళ్లకి గిన్నె పట్టుకుని నిలబడ్డారు. రెండోదాన్లో ఆడవాళ్లు ముళ్ల మధ్య చేతులు పెట్టి పురుగులు గీకుతున్నారు. వేళ్ల మీద ఉన్నది పురుగుల ఎరుపో, వాళ్ల ఎరుపో విడదీయకుండా వేసింది ఆ అమ్మాయి. ఎవడో దొరల సైనికుడికి ఎర్రకోటు కావాలని ఎవరి పొలమో ముళ్లపాలైంది.

మూడో బొమ్మలో తాడు మీద మూడు బట్టలు ఆరేసి ఉన్నాయి. సైనికుడి ఎర్రకోటు, దొరసాని ఊదా గౌను, పసిపిల్ల నారింజరంగు టోపీ. కింద చిత్రకారిణి చేతిరాతతో ఒక ముక్క: "అన్నిటికీ ఒకటే పురుగు. ఉత్త నీళ్లలో ఎరుపు, సోడాలో ఊదా, నిమ్మరసంలో నారింజ."

"ఇవన్నీ మీరు చూశారా?" అల్లుణ్ణి అడిగింది.

"చూడకపోవడమేంటండీ! ప్రారంభోత్సవానికి ఉపన్యాసం రాసిందే నేను. ఈ రంగు మా వంశ గౌరవం."

"మీ వంశమా? మీరు ఇల్లరికం వచ్చారనుకున్నానే."

తథాస్తు నవ్వు ఆపుకోలేక దగ్గాడు. అల్లుడి చెవులు ఎర్రబడ్డాయి.

చివరి బొమ్మ అన్నిటికన్నా పెద్దది. సగంలో ఆగిపోయింది. నిలువెత్తు నాగజెముడు, దాని మట్టల మధ్య ఖాళీల్లో ఒక గుమ్మం, ఒక బావిగట్టు, ఇంకో పక్క పొలం హద్దురాళ్లు. ఎర్రరంగు ఇంకా వెయ్యాల్సిన చోట ఉత్త గుడ్డే కనబడుతోంది.

"ఇదేంటి?"

"ఊహ," అన్నాడు అల్లుడు, కాస్త తొందరగా. "కళాకారులు కదా. ఇక్కడ ఊరేం లేదు. మా పెద్దలు వచ్చేసరికి ఇదంతా బీడు. కోర్టులో కూడా అదే చెప్పాం."

"కోర్టెందుకు?"

"ఎవరో రైతులు. మా తాతల భూములంటూ కేసేశారు. అదీ ఇదీ ఒకటి కాదు లెండి."

కొరివి పాత బొమ్మ గది తెరవమంది.

చిన్న గది. నేలంతా తెల్లబండలు. ఎదురు గోడకి ఒకే ఒక్క బొమ్మ. దొర కాలంలో ఈ ప్రాంతపు చిత్రకారుడెవరో కాగితం మీద వేసిన నాగజెముడు. మూల దొరగారి ముద్ర ఉంది. వేసినవాడి పేరు లేదు. ట్రస్టు ఆహ్వానపత్రాలన్నిటి మీదా ఈ బొమ్మే అచ్చవుతుంది.

"చిత్రకారిణి మొన్న సాయంత్రం ఈ గదిలోకి వచ్చిందా?"

"రాలేదు," అన్నాడు అల్లుడు. "ఆరింటికి నేనే తాళం వేశాను. తాళంచెవి నా దగ్గర తప్ప ఎవరి దగ్గరా ఉండదు. పైగా ఇందులోకి రంగు తేవడానికే వీల్లేదు. అది మామగారి ఆజ్ఞ. ఈ గదిలో రంగు చుక్క పడిన పాపాన పోలేదు."

"ప్రమాణం చేసి చెప్తారా?"

"ఎన్నిసార్లయినా."

తథాస్తు చేతులు కట్టుకున్నాడు. "విన్నారుగా మేడమ్. ఇంక స్టేషన్‌కి పదండి."

కొరివి వినిపించుకోలేదు. గది మధ్యలో ఒక పెద్ద రాతి తొట్టి, అందులో నాగజెముడు. అలంకారానికి పెట్టిన తొట్టి ఎవరైనా కిటికీ దగ్గర పెడతారు, లేకపోతే గోడవార పెడతారు. నడిచేవాళ్లకి ముళ్లు గుచ్చుకునేలా దారికి అడ్డంగా ఎవరు పెడతారు? కిటికీ కింద చూసింది. గుండ్రని దుమ్ము అచ్చు ఉంది. తొట్టి మొన్నటిదాకా అక్కడే ఉంది.

"ఇది పక్కకి జరుపు," అంది తథాస్తుతో.

"నేనా?"

"నువ్వే. కండలు పెంచింది ఫొటోల కోసమేనా?"

తొట్టి కీచుమంటూ కదిలింది. కింద బండ మీద బుట్టంత ఊదారంగు మరక. అటూ ఇటూ తోమిన గీతలు. బండల సందుల్లో రంగు ఇంకా చిక్కగా ఇంకిపోయింది.

"సిరా," అన్నాడు అల్లుడు వెంటనే. "పాత సిరా మరక. ఎప్పటిదో."

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, ఎవరూ అడగకుండానే చెప్పాడు. కొరివి వరండాలోకి వెళ్లి టీ బల్ల మీదున్న నిమ్మచెక్క తెచ్చింది. మరక పైన పిండింది. అందరూ వంగి చూశారు. ఊదా మెల్లగా విరిగి ఎరుపై, ఎరుపు కాస్తా పండు నారింజలోకి దిగింది. బండ మీద చిన్నగా నురగ కూడా లేచింది.

"సిరా ఇలా చేస్తుందా?" అంది. "రక్తం ఇలా చేస్తుందా? మూడో బొమ్మ కింద ఆ పిల్ల అరటిపండు ఒలిచి చేతిలో పెట్టినట్టు రాసిపెట్టింది. రంగు సీసా ఇక్కడే పగిలింది. అదంతా రక్తమనుకున్న ఒక మహానుభావుడు కంగారులో బట్టలసోడా పోసి కడిగాడు. ఎరుపు పోలేదు సరికదా, ఊదా తిరిగింది. ఇంకాస్త సోడా పోశాడు. ఇంకాస్త ఊదా. తోమీ తోమీ చేతకాక తొట్టి లాగి కప్పాడు. నాలుగు తరాలు ఈ రంగు తిని బతికారు. గౌరవమని ఉపన్యాసాలు రాశారు. రంగుకి సోడా తగిలితే ఏమవుతుందో ఒక్కరికీ తెలీదు! ఏనాడైనా చేతులు పెట్టి చేసుంటే కదా తెలియడానికి!"

గదంతా మారుమోగింది. ఆమె మోకాళ్ల మీద కూర్చుని తొట్టి అంచు కింద వేలు పోనిచ్చింది. చిన్న గాజుపెంకు దొరికింది. దానికి రెండు పొడుగాటి వెంట్రుకలు అంటుకుని ఉన్నాయి, ఎండి నల్లబడ్డ చారతో సహా. దాన్ని రుమాల్లో పెట్టి తథాస్తుకి అందించింది.

"ఇది మాత్రం రక్తమే. ఆ పిల్లని కొట్టింది తాళం వేసిన ఈ గదిలో. షెడ్డులోకి తర్వాత మోసుకెళ్లి పడేశారు. మధ్య తలుపుకి గడియ ఇటువైపుంది. తమ్ముడు ఇటు రాలేడు. ఇప్పుడు చెప్పు, ఇంకా లాకప్పులో ఎందుకున్నాడు వాడు?"

తథాస్తు నుదుట చెమట తుడుచుకున్నాడు. పేపర్లవాళ్లు గుర్తొచ్చి ఉంటారు. అయినా మాట మీద నిలబడ్డాడు, ఆ మాత్రం గురువు నేర్పింది మిగిలింది. ఫోన్ తీసి స్టేషన్‌కి కలిపాడు. "ఆ కుర్రాణ్ణి వదిలెయ్. కోర్టుకి నేను చెప్తాను. చేతులు కడుక్కోనివ్వు, భోజనం పెట్టు."

ఇంతసేపూ గుమ్మంలో నిలబడ్డ పెద్దాయన గట్టిగా ఊపిరి వదిలారు. అల్లుడి వైపు ఒకసారి చూసి తల అడ్డంగా ఆడించారు, ఎంతో బాధపడుతున్న మనిషిలాగా. "ఇన్‌స్పెక్టర్ గారూ, మా ఇంటివాడని మొహమాటపడకండి. చట్టం ఏం చెబితే అది చెయ్యండి. నేను పోయి ఆ పసివాణ్ణి తీసుకొస్తాను. వాడికి మాత్రం ఇంకెవరున్నారు?" అని కర్ర తాటించుకుంటూ వెళ్లిపోయారు. కాసేపటికి బయట కారు కదిలిన చప్పుడు వినిపించింది. అల్లుణ్ణి వదిలేసి కుర్రాడి కోసం పరుగెత్తిన మనిషి మీద కొరివికి ఆ క్షణంలో గౌరవమే కలిగింది.

ఇక అల్లుడి వంతు. కొరివి తలుపు మూసింది.

"మీ ఇంట్లో బట్టలసోడా ఎక్కడ పెడతారు?"

"వంటింటి వెనక, కింది అరలో, ఎడమపక్క..." నోరు మూసుకున్నాడు.

"ఇంత బంగళా అల్లుడికి బట్టలసోడా ఏ అరలో ఉంటుందో తెలుసన్నమాట. పనిమనిషి కూడా వెతుక్కుంటుంది కదయ్యా!"

"నేను కొట్టలేదు!" అల్లుడు గోడకి ఆనుకుని కిందికి జారాడు. "నేను కడిగానంతే. ఎత్తి షెడ్డులో పెట్టానంతే. కడగమన్నారు, కడిగాను."

"ఎవరు?"

అల్లుడు మూసిన తలుపు వైపు చూశాడు.

"అడుసు తొక్కనేల, కాలు కడుగనేల? సరే, తొక్కావు. ఆస్పత్రిలో ఆ పిల్ల పోతే ఉరి నీకే. ఇందాక మీ మామగారు ఏమన్నారో విన్నావుగా. చట్టం ఏం చెబితే అది చెయ్యమని, నిన్ను గాలికి వదిలేసి పోయాడు. నువ్వు ఇంకా ఎవరి కోసం నోరు మూసుకుంటున్నావు?"

అల్లుడు తలెత్తాడు. "మామగారే కొట్టారు," అన్నాడు. "ఆ కర్రతో."

తథాస్తు నోరు తెరిచాడు. కొరివి అతని వైపు చూడనే లేదు.

"ఎందుకు?"

"గోడమీదున్నది పాత బొమ్మ కాదు. ఆ అమ్మాయి శుభ్రం చేస్తానని తీసుకుంది. తీసుకున్నాక వెలుగుకి అడ్డంపెట్టి చూసిందట. ఆకుపచ్చ రంగు కింద ఇళ్లున్నాయట. బావి, వీధి, హద్దురాళ్లు, ఊరంతా. ఆ పాత చిత్రకారుడు మొదట ఊరినే వేశాడు. దొర ఊరు తీసెయ్యమంటే గీకెయ్యకుండా, పైన పల్చగా నాగజెముడు పూశాడు. కింద దొర ముద్ర ఉంది కదా, కోర్టులో కాదనడానికి లేదు. బీడు అని మేం చెప్పిందంతా అబద్ధమని తేలిపోతుంది. ఆమె అచ్చం అలాంటిదే ఒక నకలు వేసి గోడకి తగిలించి, అసలుది ఎక్కడో దాచింది. పెద్ద బొమ్మలో ఊరు వేస్తుంటే మామగారికి అర్థమైంది. గడియ తీసి ఈ గదికి పిలిచి అడిగారు, చేతిలో రంగు సీసాతోనే వచ్చింది. చెప్పనంది. మీ ముత్తాత నా వాళ్ల ఊరి మీద ముళ్లు నాటాడు, నేను పీకుతున్నాను అంది. ఆయనకి కోపం ఆగలేదు."

"అది తమ్ముడి మీదికి తోశారు."

"లేదు, లేదు! అది మేం చెయ్యలేదు. పడి దెబ్బ తగిలిందనుకుంటారని షెడ్డులో పెట్టాం. మీ ఇన్‌స్పెక్టరే ఎగబడి కుర్రాణ్ణి పట్టుకుపోయాడు. మామగారికి చేతులు కట్టేసినట్టయింది. లాయర్ని పెట్టారు, కుదరలేదు. అప్పుడు మిమ్మల్ని పిలిచారు."

కొరివి అతని ముందు వంగింది. "వాణ్ణి బయటికి తేవడం ఆయనకెందుకు?"

అల్లుడు ఆమెని జాలిగా చూశాడు.

"అసలు బొమ్మ ఎక్కడుందో ఆ అక్క తర్వాత తెలిసింది వాడొక్కడికే కదండీ. పోలీసుల మధ్య ఉన్నవాణ్ణి అడగడం ఎలా? మామగారిని వాడు దేవుడనుకుంటాడు. అడిగితే కాదనడు."

చేసిందెవరన్నది తర్వాతి సంగతి. ఆ మాట విని మురిసిపోయింది తను! తెలివితక్కువ తథాస్తు లాకప్పే ఆ పిల్లాడికి కోటలా ఉంది. ఆ కోట తలుపు పగలగొట్టి, నలుగురిలో ఉపన్యాసం ఇచ్చి మరీ, కొట్టినవాడి చేతికి తనే అప్పగించింది. కొరివికి జీవితంలో చాలామంది మీద కోపం వచ్చింది. ఇంత కోపం ఎవరి మీదా రాలేదు.

"ఫోన్ చెయ్," అంది. గొంతు ఆమెకే కొత్తగా ఉంది. "కుర్రాణ్ణి ఆపమను. త్వరగా!"

తథాస్తు అప్పటికే నంబరు నొక్కుతున్నాడు. స్పీకరు కూడా పెట్టాడు. అవతల కానిస్టేబుల్ గొంతు హుషారుగా పలికింది.

"ఇప్పుడే వెళ్లారు సార్. పెద్దాయనగారే వచ్చి దగ్గరుండి కారెక్కించుకున్నారు. కుర్రాడు ఆయన చేతులు పట్టుకుని ఒకటే ఏడుపు సార్, పాపం. అక్క దాచిపెట్టిన బొమ్మేదో ఉందట, ముందు అది తీసి ఆయన చేతికిచ్చాకే ఆస్పత్రికి వెళ్తానన్నాడు."